రాళ్ల వాగుకు ఏ కాయిల్

కండక్టరు వచ్చేసరికి ఆమె షాపు వెనక పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలో పాతిన సీసపు ముక్క మీద ఒక పాత మెటల్ డిటెక్టరును అటూ ఇటూ ఊపుతోంది. రిపేరైన ప్రతి డిటెక్టరూ ఈ పెరట్లో పలికాకే బయటికి వెళ్తుంది. ఎక్కడ ఏ ముక్క ఎంత లోతున ఉందో ఆమెకు చూడక్కర్లేదు. గోడవారన గోరంత సీసం, గచ్చు పక్కన ఇత్తడి బొత్తాం, కుళాయి దగ్గర తుప్పుపట్టిన మేకుల గుత్తి. బంగారం మాత్రం ఆ పెరట్లో లేదు. సీసం కూడా బంగారంలాగే పలుకుతుంది, పరీక్షకు అది చాలు అంటాడు షాపు నడిపే బాబాయ్.

గంట మోగితే చేతులు దులుపుకుని లోపలికి వచ్చింది. కౌంటరు అవతల పొడుగాటి మనిషి, ఒక భుజం కిందికి జారి ఉంది.

"ఓనరు గారు లేరా అమ్మా?" అన్నాడు.

అందరూ మొదట అడిగేది అదే. ఊరి బయట గుట్టల్లో బంగారం వెతుక్కునేవాళ్లకు డిటెక్టర్లు అమ్మే షాపు అది. వచ్చేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. బాబాయ్ లేడంటే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటారు. ఈయన కూర్చోలేదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి తన సంగతి ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడట. బ్యాగు తగిలించుకుని తగిలించుకుని భుజం అలా అయిపోయిందట. చేతిలో ఉన్న డిటెక్టరు ఆయనది కాదు, అన్నయ్యది. ఆ అన్నయ్య పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. కుడి పక్క పడిపోయింది. మాట కూడా సరిగా రాదు.

అన్నయ్య ఎప్పుడూ ఒకే సంగతి చెప్పేవాడట. గుట్టల వెనక రాళ్ల వాగులో, ఏటవాలుగా పడి ఉన్న నల్లరాయి దగ్గర సన్నటి శబ్దం విన్నాడు. తవ్వేలోపు పైన వాన కురిసి వాగు వచ్చిపడింది, ప్రాణాలతో గట్టెక్కాడు. మళ్లీ వెళ్దామనుకున్నప్పుడల్లా ఆ రాయి దగ్గర నీళ్లో, లేకపోతే ఆయన చేతిలో వేరే పనో. ఇంట్లో అది పెద్ద వేళాకోళం అయిపోయింది. ఆయన ఆ సంగతి ఎత్తితే కొడుకులు లేచి పక్క గదిలోకి పోయేవాళ్లు.

"నేనూ నవ్వాను," అన్నాడు కండక్టరు. "బస్సులో జాగా లేకపోయినా ఉంది ఉంది, ఎక్కండి అని చెప్పే ఉద్యోగం నాది. లేని బంగారం ఉందని నమ్మడానికి నాకేం కష్టం? అయినా వాణ్ణి నమ్మలేదు."

ఇప్పుడు నమ్మకపోయినా వెతకాలనుకుంటున్నాడు. అన్నయ్య డిటెక్టరుకు కాయిల్, అంటే కర్ర చివర నేల మీద ఊపే పళ్లెం, పగిలి లోపలికి నీళ్లు పోయాయి, గడ్డిపరక తగిలినా అరుస్తోంది. కొత్తది కావాలి.

ఆమె వాగు ఎలా ఉంటుందో అడిగింది. ఎంత వెడల్పు? ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. రాళ్లు? మోకాలెత్తు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, మధ్యలో ఒక పాదం పడితే రెండోది పట్టదు. చెట్ల వేళ్లు. పైన ఎప్పుడో కూలిపోయిన రేకుల షెడ్డు ఒకటుంది, వానలకు దాని మేకులన్నీ కిందికి దిగుతాయి. ఇక ఆ శబ్దం, అన్నయ్య విన్నది, ఎలాంటిది?

"దోమ పాడినట్టు, అంటాడు."

ఆమె చెయ్యి అప్పటికే ఎనిమిదంగుళాల చిన్న కాయిల్ మీద ఉంది. దాన్ని అరలోంచి దించి కౌంటరు మీద పెట్టింది. రాళ్ల సందుల్లో దూరేది ఇదే. మేకు పక్కన గింజంత ముక్క ఉన్నా రెంటినీ విడదీసి చెప్పేది ఇదే. ఆ మాట చెప్పబోతుండగా బాబాయ్ తలుపు తోసుకుని వచ్చాడు.

బాబాయ్ సగమే విన్నాడు. ఆ సగం ఆయనకు చాలు. చిన్న కాయిల్‌ను తీసి మళ్లీ అరలో పెట్టి, పైనుంచి చేటంత పెద్ద కాయిల్ దించాడు. బంగారం బరువైనదనీ, ఏళ్ల తరబడి కిందికి దిగిపోతుందనీ, దాన్ని అందుకోవాలంటే లోతు చూడగల కాయిల్ ఉండాలనీ, చిన్నవి పిల్లలు ఆడుకోవడానికి పనికొస్తాయనీ చెప్పాడు. ఆయన చెప్తుంటే ఎవరికైనా కాదనబుద్ధి కాదు. గొంతు అలాంటిది.

"ఇదేనా అమ్మా?" కండక్టరు ఆమె వైపు తిరిగాడు.

ఆమె తలెత్తలేదు. కాయిల్ తీగను కర్రకు చుడుతోంది. తీగ వదులుగా ఉంటే ఊపినప్పుడల్లా దొంగ శబ్దాలు వస్తాయి కాబట్టి ఒక్కో చుట్టూ బిగించి, చివర పట్టీ వేసింది. మరను వేళ్లతోనే బిగించింది.

"బాబాయ్ చెప్పారు కదండీ," అంది.

తర్వాత రెండు మూడు రోజులు ఆ మాట ఆమెకు పంటి సందున ఇరుక్కున్న నారలా తగులుతూనే ఉంది. ఎదిరించే అలవాటు లేదు. నాన్న పోయాక ఈ షాపులో చేరింది. షాపు వెనక గది ఆమెది, పై వాటా బాబాయ్ వాళ్లది. నలభై దాటినా బాబాయ్‌కి ఆమె "అమ్మాయ్"గానే ఉంది. పిన్ని మెట్ల మీద నుంచి "గేటు వేశావా?" అని అడుగుతుంది, వేశానంటుంది, ఆ రోజుకు మాటలు అయిపోతాయి. కౌంటరు దగ్గర మాత్రం రోజంతా మనుషులు గుట్టల గురించి చెప్తారు. విరిగిన కల్వర్టు దాటాక ఎడమకు తిరగాలి. టవరు కింద నేల ఎర్రగా ఉంటుంది, అక్కడ డిటెక్టరు గోల చేస్తుంది. రాళ్ల వాగులో పొద్దెక్కితే నీడ ఉండదు. ఆ దారులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్దాం రమ్మని ఎవరూ అనలేదు, ఒక్కతే వెళ్లాలని ఆమెకూ తోచలేదు.

వారం చివర్లో కండక్టరు మళ్లీ వచ్చాడు. పాత కాయిల్ తగిలించిన డిటెక్టరు వీపున ఉంది. పెద్ద కాయిల్‌ను విడిగా చంకలో పెట్టుకున్నాడు. జారిన భుజానికి మందుపట్టీ వేసి ఉంది. రోజూ వాగుకు వెళ్తున్నా అంత బరువు ఊపలేకపోతున్నాననీ, అది రాళ్ల మధ్య దిగడం లేదనీ, రాళ్ల పైన ఊపితే ఒకేసారి నాలుగు మేకులు పలికి ఏది ఎక్కడుందో తెలియడం లేదనీ నెమ్మదిగా చెప్పాడు. మార్చి చిన్నది ఇస్తారా అని అడిగాడు.

బాబాయ్ కాయిల్‌ను తిరగేసి వెలుతురుకు పెట్టాడు. అడుగు తొడుగు మీద, అంచు వెంబడి తెల్లటి గీతలు. గీతలు పడినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. కాయిల్‌లో లోపం లేదనీ, ఊపడం అలవాటు కావాలనీ అన్నాడు. షాపులో ఇంకో ఇద్దరు కొనేవాళ్లున్నారు, వాళ్లు వింటున్నారు. అందుకని బాబాయ్ గొంతు కాస్త పెంచి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మాయ్. లోతు కావాలంటే పెద్దదే కదా?"

"అవునండి," అంది ఆమె.

అందులో అబద్ధం లేదు. లోతు కావాలంటే పెద్దదే. కండక్టరు అన్నయ్యకు కావలసింది లోతు కాదని ఆమెకు తెలుసు, అంతే. కండక్టరు ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, స్టాపు దాటిపోయాక నిద్ర లేచిన ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశాడు. "సరేనమ్మా," అని కాయిల్‌ను మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. రోడ్డు దాటడానికి నిలబడి దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం అద్దాల్లోంచి కనిపించింది. మిగిలిన ఇద్దరిలో ఒకతను పెద్ద కాయిల్ చూపించమని అడిగాడు. ఆమె నిచ్చెన ఎక్కి దించింది.

సెలవు రోజు పొద్దున్నే ఆమె షాపు తెరిచి అరలోంచి చిన్న కాయిల్ తీసింది. తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. మెట్ల కింద ఒక క్షణం ఆగింది. పైన బాబాయ్ దగ్గు వినిపించింది. గేటు చప్పుడు కాకుండా వేసి బస్టాపుకు నడిచింది.

కల్వర్టు చెప్పినచోటే ఉంది, కానీ ఆమె అనుకున్నదానిలో సగం కూడా లేదు. టవరు కింద నేల ఎరుపు కాదు, ఎండిన నెత్తురు రంగు. మనుషులు తన కౌంటరు మీద వేళ్లతో గీసి చూపించిన మలుపులన్నీ వచ్చాయి. వాటి మధ్య దూరం ఎంతో, ఎంత సేపు నడిచినా ఒక్క మనిషి కనిపించడనీ మాత్రం ఎవరూ చెప్పలేదు. తన చెప్పుల చప్పుడు తనకే కొత్తగా వినిపించింది. ఒకచోట ఆగి వెనక్కి చూస్తే ఊరు అరచేతి కింద దాచగలిగినంత ఉంది. వెనక్కి వెళ్లిపోదామనిపించింది. వెళ్లి ఏం చెయ్యాలో తోచక ముందుకే నడిచింది.

కండక్టరు వాగులో ఒక రాతి నీడన కూర్చుని, సీసాలో నీళ్లు తాగుతున్నాడు. పక్కన పెద్ద కాయిల్ తగిలించిన డిటెక్టరు ఆనించి ఉంది. ఆమెను చూసి లేవబోయాడు.

"దారి తప్పావా అమ్మా?"

"లేదండి. మీ దగ్గరికే." తువ్వాలు విప్పి చిన్న కాయిల్ తీసింది. "ఆ రోజు ఇది ఇవ్వాల్సింది. చెప్పలేకపోయాను. నిన్నగాక మొన్న కూడా చెప్పలేకపోయాను."

ఆయన ఆ కాయిల్‌నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. మీ బాబాయ్‌కి తెలుసా అని అడగలేదు. కాస్త పక్కకు జరిగి నీడలో చోటిచ్చాడు. "ముందుకు జరగండి అని ముప్పయ్యేళ్లు అరిచాను. నేనే జరగడం ఇదే మొదలు," అన్నాడు.

ఆమె పెద్ద కాయిల్ విప్పి చిన్నది బిగించింది. తీగ చుట్టింది. కాయిల్‌ను నేల మీదకీ పైకీ నాలుగైదుసార్లు ఆడిస్తూ ఆ మట్టిలో కలిసిన ఇనుము గోలకు డిటెక్టరును అలవాటు చేసింది. గోల తగ్గి, చెవిలో సన్నటి జోరీగ మోత ఒకటే మిగిలింది. హెడ్‌ఫోన్లు ఆయనకు ఇవ్వబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని తన చెవులు సన్న శబ్దాలు వినడం మానేశాయనీ, అందుకే ఇన్నాళ్లూ అన్నయ్య ఊపితే తాను తవ్వేవాణ్ణనీ చెప్పాడు.

"నువ్వు ఊపు. నేను తవ్వుతా."

నల్లరాయిని ఆయనే చూపించాడు. ఏటవాలుగా లేదు, ఎప్పుడో వరదకు బోర్లా పడింది. ఆమె దాని చుట్టూ వంగి, కాయిల్‌ను నేలకు ఆనీ ఆననట్టు, ఊపు ఊపుకూ సగం కమ్ముకునేలా జరుపుతూ వెళ్లింది. రాళ్ల సందుల్లోకి అది పిల్లి మూతిలా దూరింది. మొదటి శబ్దం మేకు. రెండోదీ మేకే. కండక్టరు చిన్న గునపంతో గీకడం, గునపం తలకు అంటించిన అయస్కాంతానికి మేకు వచ్చి అతుక్కోవడం, ఆయన దాన్ని పీకి జేబులో వేసుకోవడం. వాగులో మళ్లీ వదిలితే మళ్లీ మనకే పలుకుతుందన్నాడు. జేబు బరువెక్కి చొక్కా ఒకవైపు లాగింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆమె వేళ్లు చెమటకు జారుతున్నాయి, నడుము విరిగినట్టుంది.

రాతికి దిగువన, నీళ్లు పోయే వైపు, బండలో ఒక పగులు ఉంది. దాని మీదుగా కాయిల్ పోయినప్పుడు మోత రవ్వంత వంగి మళ్లీ నిటారైంది. ఆమె ఆగింది. మళ్లీ జరిపింది. వంగింది. అడ్డంగా జరిపింది. అప్పుడూ వంగింది. చెయ్యెత్తింది. కండక్టరు పగుల్లో గట్టిపడిన మట్టిని కొక్కెంతో లాగి లాగి ప్లాస్టిక్ పారలోకి తీశాడు. పగులు మీద ఊపితే ఇప్పుడు శబ్దం లేదు, అంటే ముక్క పారలో ఉంది. ఆమె కాయిల్‌ను నేల మీద పెట్టి, పారలో మట్టిని సగం పారబోసి మిగతాది దాని మీదుగా పోనిచ్చింది. ఉంది. మళ్లీ సగం పారబోసింది. ఉంది. చివరికి ఆమె అరచేతిలో చిటికెడు మట్టి మిగిలింది. కండక్టరు సీసాలోంచి నీళ్లు కొంచెం కొంచెంగా వదిలాడు.

బియ్యపుగింజంత. మెరవలేదు కూడా, పసుపుముద్దలా ఉంది. పెరట్లో సీసం ఎలా పలికేదో అదీ అలాగే పలికింది. కండక్టరు దాన్ని వేలి కొన మీదికి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సీసా మూతలో వేసి, మూత మీద బొటనవేలు పెట్టుకున్నాడు.

"నువ్వు కూడా రా అమ్మా. నేను చెప్తే వాడు నమ్మడు. నవ్వినవాణ్ణి కదా," అన్నాడు.

అన్నయ్య కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. తలుపు తీసిన కోడలు, ఇద్దరి బట్టల మీది మట్టిని చూసి ఏదో అనబోయి ఊరుకుంది. కండక్టరు సీసా మూతలోని గింజను అన్నయ్య ఎడమ అరచేతిలోకి ఒంపాడు. ఆయన దాన్ని చూడలేదు. ఆమెనే చూశాడు. పెదవి ఒకవైపే కదిలింది.

"ఏ వైపు అని అడుగుతున్నాడు," అన్నాడు కండక్టరు.

ఆమె మంచం దగ్గరికి వెళ్లి వంగింది. రాయి ఇప్పుడు బోర్లా పడి ఉందనీ, దానికి దిగువన, నీళ్లు పోయే వైపు, బండ పగుల్లో దొరికిందనీ, లోతు జానెడు కూడా లేదనీ చెప్పింది. ఆయన ప్రతి మాటకూ కళ్లు మూసి తెరిచాడు. మళ్లీ పెదవి కదిలింది. ఈసారి కండక్టరు చెప్పక ముందే ఆమెకు అర్థమైంది.

శబ్దం.

ఏం చెయ్యాలో తెలియక, సిగ్గుపడుతూనే, గొంతులో సన్నగా ఆ మోత తీసింది. తిన్నగా పోతూ పోతూ రవ్వంత వంగి, మళ్లీ నిటారయ్యేది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ఆయన గొంతులోంచి కూడా ఒక మోత వచ్చింది. గరగరగా, సగం గాలితో, కానీ వంగవలసినచోట సరిగ్గా వంగింది. కోడలు చేతిలో టీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. పక్క గదిలో టీవీ ఆగింది.

పెద్దాయన ఏదో అన్నాడు. కండక్టరు ఆయన నోటి దగ్గరికి చెవి వంచాడు.

"ఇంకోసారి అనమంటున్నాడు."

ఆమె ఇంకోసారి అంది. అప్పటికి కొడుకులు లోపలికి వచ్చారు. అందరూ మంచం మీదికి వంగారు. ఎక్కడ, ఏదీ, చూడనివ్వండి అంటూ ఒకరి భుజం మీంచి ఒకరు. పెద్దాయన పిడికిలి బిగించి ఎవరికీ చూపించలేదు. ఆయన నవ్వడం, ఆ నవ్వు ఒకవైపే రావడం ఆమె గుమ్మంలోంచి చూసింది. చిన్న కాయిల్ డిటెక్టరుకే ఉంది, డిటెక్టరు గోడకు ఆనించి ఉంది. ఆమె గీతలు పడిన పెద్ద కాయిల్ తీసుకుని బయటికి వచ్చింది. తను వచ్చేయడం ఎవరూ గమనించలేదు. గమనించాలని కూడా ఆమెకు అనిపించలేదు, గేటు దాటేదాకా.

బస్సులో పెద్ద కాయిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి. పక్క సీట్లో ఆడమనిషి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. తెలిసినవాళ్లందరినీ ఒకరి తర్వాత ఒకరిని తలుచుకుంది. అందరూ కౌంటరు అవతలి మనుషులే. ఇంటికి వెళ్లి చెప్పదగ్గ మనిషి బాబాయ్ ఒక్కడే. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా ఆ ఆలోచనకు ఆమెకు నవ్వూ ఏడుపూ రెండూ రాలేదు.

పొద్దుగుంకుతుండగా షాపు తలుపు సగం తీసి ఉంది. బాబాయ్ కౌంటరు అవతల, కొనేవాళ్లు నిలబడేచోట నిలబడి, అరలో ఖాళీ చోటు చూస్తున్నాడు. ఆమె పెద్ద కాయిల్‌ను కౌంటరు మీద పెట్టింది.

"కండక్టరు గారికి చిన్నది ఇచ్చేసి ఇది తెచ్చాను," అంది.

"ఎవర్ని అడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

బాబాయ్ కాయిల్ అంచు మీద గీతల వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. పైనుంచి పిన్ని ఏదో అడిగింది. ఆమె అరుపు కోసం ఎదురుచూసింది. గది ఖాళీ చెయ్యమంటే సంచిలో ఏమేం పట్టించాలో కూడా బస్సులోనే అనుకుంది.

"దొరికిందా?" అన్నాడు బాబాయ్.

"దొరికింది. బియ్యపుగింజంత."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాక ఆమె కంటే పొట్టిగా కనిపించాడు. "ఎలా వినపడింది?"

ఆమె చెప్పింది. నల్లరాయి నుంచి మొదలుపెట్టి, మేకులు, పగులు, చిటికెడు మట్టి, పెద్దాయన పిడికిలి దాకా చెప్పింది. బాబాయ్ మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. ఆయన తన మాట అంతసేపు వినడం ఆమెకు గుర్తులేదు.

"నేనెప్పుడూ వినలేదు," అన్నాడు చివరికి. "కుర్రతనంలో కొన్నాళ్లు తిరిగాను. అన్నీ మేకులే. షాపు పెట్టాక ఇక పోలేదు." ఆమె వైపు చూడకుండా, "ఈ సంగతి షాపులో ఎవరితో అనకు," అన్నాడు.

"ఏ సంగతి బాబాయ్? చిన్నదాంతో దొరికిన సంగతా, మీకు దొరకని సంగతా?"

"రెండూ."

"మీది చెప్పను," అంది ఆమె. "కండక్టరు గారిది మాత్రం అడిగినవాళ్లకు చెప్తాను. వాళ్లు వెళ్లే నేల ఎలాంటిదో అడిగి, దానికి ఏది సరిపోతుందో అదే ఇస్తాను. వద్దంటే కౌంటరు దగ్గర వేరేవాళ్లని పెట్టుకోండి."

బాబాయ్ లేచి, గీతలు పడిన కాయిల్‌ను తీసుకుని, ఎక్కడ పెట్టాలో తోచనట్టు దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. ఆమె కిటికీ రెక్కలు మూసింది. ఆయన బయటికి వచ్చాక దీపం ఆర్పుదామని స్విచ్చి దగ్గర ఆగింది.

"మళ్లీ సెలవుకు వెళ్తావా?" అన్నాడు.

"వెళ్తాను."

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

ఆయన తలూపాడు. కాయిల్‌ను చంకలో పెట్టుకున్నాడు, తీసి మళ్లీ చేత్తో పట్టుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి, ఏదో అడగాలనుకుని అడగలేని కొనుగోలుదారుడిలా ఆగాడు. ఆయన ఏం అడగలేకపోతున్నాడో ఆమెకు తెలిసింది. రండి అనడానికి నోరు రాలేదు. ఇన్నేళ్లలో ఆ మాట ఎలా అంటారో తనూ వినలేదు.

"మొదటి బస్సు ఏడింటికి ఉంది బాబాయ్," అంది. "నీళ్లు మనమే తీసుకెళ్లాలి, అక్కడ దొరకవు."